సూదక్క చేతి పాత వాచీ

మా హోటల్లో ఆమె అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. మిగతా అందరికీ ఆమె సూదక్క. చిరిగిన దుప్పట్లు, అంచులు ఊడిన తువ్వాళ్ళు, బొత్తాలు తెగిన యూనిఫారాలు అన్నీ నేలమాళిగలో ఆమె బల్ల మీదికే చేరేవి. ఆ పేరు చేతిలో సూదిని బట్టి వచ్చిందో, నోట్లో మాటని బట్టి వచ్చిందో నేను చెప్పలేను. రెండూ గుచ్చుకునేవే.

నాది ఆమె పక్క యంత్రం. తడి దుప్పటి ఒకవైపు పెడితే రెండోవైపు నుంచి మడతలు పోయి పొగలు కక్కుతూ వచ్చే ఇస్త్రీ రోలరు. చిరుగు కనిపిస్తే నేను దుప్పటి ఆమె వైపు విసిరేదాన్ని. ఆమె కుట్టి తిరిగి నా వైపు విసిరేది. అలా విసురుకుంటూనే మా ఇద్దరికీ స్నేహం కుదిరింది. ఆ గదికి కిటికీల్లేవు. నెత్తిమీద ఆవిరి గొట్టాలు, కాళ్ళ కింద ఎప్పుడూ తడి. ఫోన్ పలకాలంటే మెట్లెక్కి వెనక గుమ్మం బయట, చెత్తడబ్బాల పక్కన నిలబడాలి. అందుకే టీ వేళకి అందరం అక్కడే చేరేవాళ్ళం. ఎవరు కొత్త ఫోన్ కొన్నా ప్రారంభోత్సవం ఆ చెత్తడబ్బాల దగ్గరే.

ఆ ప్రారంభోత్సవాలకి సూదక్కే ముఖ్య అతిథి. ఫోన్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "బాగుంది. మరి పాతదానికేమైంది?" అనేది.

"ఏమీ కాలేదక్కా. కొత్తది వచ్చింది కదాని..."

"అది నీకేం అపకారం చేసిందని తీసేశావు?"

గదులు ఊడ్చే అమ్మాయి ఒకత్తి, దీంట్లో ఫొటోలు బాగా పడతాయక్కా అని మురిసిపోతే, "నీ మొహం అదేగా తల్లీ, కెమెరా మారితే మొహం మారుద్దా?" అంది. ఆ పిల్ల చాలా రోజులు ఆమెతో మాట్లాడలేదు. మా సూపర్‌వైజరు మాట్లాడే ఫ్రిజ్ కొన్నానని చెప్పుకుంటే, "ఇంట్లో మాట్లాడే మనుషులు కరువయ్యారా సార్?" అంది. ఆయన భార్య అలిగి వెళ్ళిపోయి చాన్నాళ్ళయిందని మా అందరికీ తెలుసు. నవ్వాపుకోలేక నేను చెత్తడబ్బా వెనక్కి వెళ్ళాల్సి వచ్చింది.

అలాగని ఆమెకి యంత్రాలంటే గిట్టదనుకుంటే పొరపాటే. మోటారు కుట్టుమిషన్ వచ్చినప్పుడు మాలో అందరికన్నా ముందు నేర్చుకుంది ఆమే. పగంతా పారేయడం మీదే. పనిచేస్తున్నదాన్ని పక్కన పెడితే ఆమెకి మనిషిని అవమానించినట్టుండేది. ఎందుకో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు ఆమెని వదిలేసి ఇంకొకామెతో వెళ్ళిపోయాడు. "నాలో ఏం లోపముందో చెప్పి పోయినా బాగుండేది" అని ఒక్కసారి, ఒకే ఒక్కసారి నాతో అంది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు, నేనూ అడగలేదు.

నిజం చెప్పొద్దూ, ఆమె గదికి వెళ్తే మాత్రం నాకు ఒళ్ళు మండేది. మేడమీద ఒంటి గది. ఫ్యాను తిరగాలంటే స్విచ్ వేసి గరిటె కాడతో ఒక్క తోపు తొయ్యాలి. మిక్సీ మూత చేత్తో నొక్కి పట్టుకోకపోతే గోడలకి సున్నం కొట్టినట్టే. రేడియో గుండీ ఊడిపోతే దారపు ఉండ చుట్టి అంటించింది. "ఇదేం పిసినారితనం అక్కా" అని తిడితే, "నా ఇంట్లో వస్తువులు నా మాట వింటాయి, నీకేంటి బాధ?" అనేది. ఆ గది అంటే ఆమెకి ప్రాణం. తాళం ఆమెది, దీపం ఆర్పేది ఆమె, పొద్దున్నే లేవాలో వద్దో చెప్పేవాళ్ళు లేరు. ఆమె జీవితంలో ఆమె సొంతంగా సంపాదించుకున్నది ఆ గదీ, దానికి అద్దె కట్టగల కుడిచెయ్యీ.

ఇలాంటి అక్కకి అలాంటి తమ్ముడు ఎలా పుట్టాడో దేవుడికే తెలియాలి.

తమ్ముణ్ణి ఆమే పెంచింది. తల్లి పోయేనాటికి వాడు నిక్కరు వేసుకోవడం కూడా రాని పసివాడు. ఇప్పుడు టైల్స్ షోరూంలో మేనేజరు. మనిషి చెడ్డవాడు కాదు, చేతికి ఎముక లేదు, అక్కంటే ప్రాణం పెడతాడు. ఒక్కటే జబ్బు, కొత్త మోడల్ వచ్చిందంటే వాడికి నిద్రపట్టదు. ఫోన్, టీవీ, చెవుల్లో పెట్టుకునేవి, చేతికి కట్టుకునేవి, అన్నీ మార్చాల్సిందే. మా గదిలో వాడికి 'కొత్త తమ్ముడు' అని పేరు పెట్టేశాం.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉండేది. వాడు కొత్తది కొంటే పాతది పెళ్ళానికి, పెళ్ళాం వాడింది పెద్దకూతురికి, దానిది చిన్నకూతురికి. ఫోన్లు ఆ ఇంట్లో పైనుంచి కిందికి నీళ్ళలా పారి చివరికి మా సూదక్క దగ్గర ఇంకేవి. ఆమెకి అదే ఇష్టం. కొత్తది కొనిస్తానని తమ్ముడు ఎంత మొత్తుకున్నా, "పాతదైనా పర్లేదురా, నలుగురూ వాడింది కదా, మంచీ చెడూ తెలిసే ఉంటుంది" అనేది. ఇంకో విచిత్రమేమిటంటే, ఇచ్చేముందు దేన్నీ చెరిపేవాళ్ళు కాదు. "అన్నీ సెట్ చేసే ఉన్నాయి, కదపకండి" అనేది వాడి మంత్రం. ఉన్నదున్నట్టు, వాడి ఫొటోలతో, వాడి అలారాలతో చేతులు మారాల్సిందే.

దాంతో సూదక్క ఫోన్ పొద్దున్నే తమ్ముడు జిమ్‌కి వెళ్ళే వేళకి మోగేది. తమ్ముడి పళ్ళ డాక్టరు ఎప్పుడు రమ్మన్నాడో ఆమెకి గుర్తుచేసేది. "మావాడు పన్ను పీకించుకోవాలి ఇవాళ, నాకు ముందే తెలిసిపోయింది" అని మా దగ్గర గొప్పలు పోయేది. తీసేయించుకోవచ్చు కదక్కా అంటే, "ఉండనీవే. ఇంట్లో వాడున్నట్టే ఉంటుంది" అనేది.

కిందటి చలికాలం ఆమె మా గదిలోనే పడిపోయింది. దుప్పటి అందుకోబోయి, అలా వంగి, అలాగే ఒరిగిపోయింది. నేను రోలరు ఆపి పరుగెత్తేసరికి కళ్ళు తెరిచి, "ఏంలేదే, నేల జారింది" అంది. డాక్టరు మాత్రం రక్తపోటు చెయ్యి దాటిందన్నాడు. మళ్ళీ పడొచ్చు, పడితే వెంటనే తీసుకురావాలి, ఆలస్యమైతే మేం చేయగలిగేది ఉండదు, ఒంటరిగా ఉండనివ్వకండి అని తమ్ముడికి గట్టిగా చెప్పాడు.

వాడు ఆ రోజే తన ఇంటికి వచ్చెయ్యమన్నాడు. హాల్లో మంచం వేయిస్తానన్నాడు, పని మానెయ్యమన్నాడు. అప్పుడు ఏడ్చింది మా సూదక్క. ఎవరినైనా ఒక్క మాటతో కూర్చోబెట్టే మనిషి, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. "నా గది నాకుండనీరా. నేనేం చేశానని నన్ను హాల్లో పడేస్తావు?"

వాడి మనసు కరిగింది. అప్పుడు వాచీ సంగతి బయటికొచ్చింది. వాడు చేతికి కట్టుకున్నది మామూలు వాచీ కాదు. కట్టుకున్న మనిషి కిందపడితే అదే కనిపెడుతుంది. కాసేపు చూసి, మనిషి లేవకపోతే ఇంట్లోవాళ్ళ ఫోన్‌కి కబురు పంపుతుంది. "సరే అక్కా, ఇది కట్టుకుంటానంటే నీ గదిలో ఉండు. స్నానానికి వెళ్ళినా తీయకూడదు" అన్నాడు. ఆమె కొత్తది వద్దంది. వాడికి కావాల్సిందీ అదే. వాడు కొత్త మోడల్ కొనుక్కుని, పాతది అక్క చేతికి కట్టి, దానికి జోడీగా ఉన్న పాత ఫోన్ కూడా ఇచ్చేశాడు.

చిన్నకూతురు తెలివైన పిల్ల. "అత్తా, ఇందులో అన్నీ నాన్న పేరు మీదే ఉన్నాయి. ఉండు, అంతా తీసేసి నీ పేరు పెడతాను, ఎంతసేపు!" అంది. సూదక్క చెయ్యి వెనక్కి లాక్కుంది. పొద్దున్నే ఆ వాచీ తమ్ముడి పేరు పెట్టి శుభోదయం చెబుతుంది, అది పోతే ఎలా? తండ్రి కూడా, "సెట్ చేసినవాటిని కెలక్కు" అని కసిరాడు. ఆ తర్వాత అందరూ కలిసి పరీక్ష చేశారు. వాచీని గట్టిగా పరుపు మీదికి విసిరికొట్టారు. కాసేపటికి వంటగదిలో ఉన్న మరదలి ఫోన్ టింగుమంది. అందరూ చప్పట్లు కొట్టారు. వచ్చిన కబురులో ఎవరి పేరుందో చదివినవాళ్ళు లేరు. చదవాల్సిన పనేముంది, విసిరింది వాళ్ళే కదా.

పడితే అంబులెన్సుకి కూడా అదే ఫోన్ చేస్తుందట. ఆ భాగాన్ని వాడు తన రోజుల్లోనే ఆపేశాడు. గోడకి మేకు కొడుతుంటే పడిపోయాడనుకుని ఓసారి అంబులెన్సు గుమ్మం ముందుకి వచ్చి పరువు తీసిందట. మళ్ళీ ఆన్ చేయాలని ఎవరికీ తోచలేదు.

ఆ తర్వాత మా సూదక్క దర్జా చూడాలి. "నాకు కాపలా ఉందే" అని చెయ్యెత్తి చూపించేది. కుట్టేటప్పుడు వాచీ బల్లకి తగులుతుందని దానికో గుడ్డ తొడుగు కుట్టింది. ఎవరు పాత వస్తువుని తిట్టినా, "ఇదిగో, ఈ పాతదే నన్ను నా ఇంట్లో ఉండనిస్తోంది" అనేది. ఆ మాట అనేటప్పుడు ఆమె మొహం వెలిగిపోయేది.

ఆదివారం జరిగింది అది. నాకు తెలిసింది సోమవారం. పొద్దున్న పనికి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. నేను మెట్లెక్కి, చెత్తడబ్బాల పక్కన నిలబడి ఆమె మరదలికి ఫోన్ చేశాను. ఆసుపత్రి పేరు చెప్పి ఏడుపు మొదలుపెట్టింది.

ఆసుపత్రి నడవాలో ఆ మరదలే నన్ను పక్కకి తీసుకెళ్ళి అంతా చెప్పింది. ఎవరితోనైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోతుందన్నట్టు చెప్పింది.

ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి షోరూంవాళ్ళు భోజనానికి వచ్చారు. సూదక్కనీ పిలిచారు గాని, బట్టలు ఉతుక్కోవాలని రానంది. భోజనాలవుతున్నాయి. మొగుడు కొత్త వాచీ అందరికీ చూపిస్తూ, ఏదో జోకు చెప్పి బల్లమీద చేత్తో ఒక్క చరుపు చరిచాడు. కాసేపటికి ఈమె ఫోన్ టింగుమంది. తీసి చూస్తే, మొగుడి పేరు రాసి, 'గట్టిగా కిందపడ్డారు, లేవడం లేదు' అని ఉంది.

మొగుడేమో ఎదురుగా కూర్చుని భోంచేస్తున్నాడు.

"మా ఆయన పడిపోయారట చూడండి!" అని ఈమె పైకి చదివింది. బల్లంతా ఒకటే నవ్వులు. వాడు ఇంకాస్త రెచ్చిపోయి, కుర్చీలోంచి నేలమీదికి జారి, నాలుక బయటపెట్టి చచ్చిపోయినట్టు పడుకున్నాడు. పిల్లలు ఫొటోలు తీశారు. "ఒక్క చరుపుకే కనిపెట్టేసింది, ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చూశారా!" అని లేచి దులుపుకుంటూ కొత్త వాచీని మెచ్చుకున్నాడు. షోరూంవాళ్ళలో ఒకాయన తనూ అదే మోడల్ కొంటానన్నాడు. మళ్ళీ టింగుమంటే, "మా ఆయన ఇంకా లేవలేదట" అని ఈమె ఫోన్ గొంతు నొక్కేసి సోఫా మీద పడేసింది.

అందరూ వెళ్ళిపోయి, గిన్నెలు కడుక్కుని, పొద్దువాలాక ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఆ కబురు కింద చిన్న పటం కనిపించింది. పడిన చోటు ఎక్కడో అందులో చుక్క పెట్టి ఉంది. ఆ చుక్క వాళ్ళ వీధిలో లేదు.

"వదిన గది తలుపు పగలగొట్టించాం" అంది మరదలు. "స్నానాల గది గుమ్మంలో, తడిలో... ఒళ్ళంతా మంచుగడ్డలా... నేను నవ్వానండీ. గట్టిగా చదివి మరీ నవ్వాను." నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు విదిలించుకోవాలనిపించింది. విదిలించుకోలేకపోయాను.

మెదడులో రక్తం గడ్డకట్టిందట. పడిన వెంటనే తెస్తే కరిగించే మందు ఉందట. ఆ వేళ దాటిపోయిందన్నారు. కుడిచెయ్యి, కుడికాలు పోయాయి. మాట ముద్దముద్దగా వస్తోంది.

నేను లోపలికి వెళ్ళేసరికి తమ్ముడు మంచం పక్కన కూర్చుని ఉన్నాడు. సూదక్క మొహం ఒక పక్కకి జారిపోయి ఉంది. నన్ను చూసి ఎడమచెయ్యి కదిపింది. కుడిచెయ్యి దుప్పటి మీద, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయినట్టు పడుంది. ఆ ఆసుపత్రి దుప్పటికి అంచు దగ్గర చిరుగుంది. ఆమె చూపు దానిమీదే ఉంది. నాకు ఏడుపాగలేదు.

కాసేపటికి తమ్ముడి వైపు తిరిగింది. ఒక్కో మాటా ఆగి ఆగి, నోట్లో కూడదీసుకుని అడిగింది.

"పడ్డాక... అది చెప్పిందిరా. కబురు వెళ్ళిందని... చెప్పింది."

వాడు తల దించుకున్నాడు.

"చెంబు అందుబాటులోనే ఉంది. ఎడంచెయ్యి బానే ఉంది. దాంతో గోడ కొడితే పక్కింటాయన వచ్చేవాడు. వాళ్ళ టీవీ వినపడుతూనే ఉంది... ఎందుకులే, ఆదివారం పూట ఆయన్ని లేపడం, మీరు వస్తున్నారుగా అని... ఎదురుచూస్తూ పడుకున్నా." ఊపిరి తీసుకుంది. "మీకు రాలేదా?"

మరదలు గుమ్మం దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. తమ్ముడు ఆమె మొహంలోకి చూడకుండా, మంచం కోడు వైపు చూస్తూ అన్నాడు.

"రాలేదక్కా. వెళ్ళిందని అది చెప్పిందేమోగాని, మాకు రాలేదు. పాతది కదా."

ఆమె పైకప్పు వైపు చూసింది. కంటి చివరనుంచి నీళ్ళు జుట్టులోకి కారుతుంటే తుడుచుకోబోయి, ఏ చెయ్యి లేపాలో తెలియనట్టు ఆగిపోయింది. తర్వాత, "నువ్వు కొత్తది కొంటానన్నావు. నేనే వద్దన్నా. నాదే తప్పురా" అంది. ఆ వాచీ తీసి పారెయ్యమంది. పారెయ్యమనే మాట ఆమె నోట నేను వినడం అదే మొదలు.

తమ్ముణ్ణి నడవాలోకి లాక్కొచ్చాను. లాక్కొచ్చాననే చెప్పాలి, చొక్కా పట్టుకున్నాను. "నీకు నోరెలా వచ్చిందయ్యా? ఆ వాచీ చేయాల్సిందంతా చేసింది. నవ్వుకున్నది మీరు. వెళ్ళు, లోపలికెళ్ళి నిజం చెప్పు. చెప్పకపోతే నేను చెబుతాను."

వాడు ఎదురు తిరగలేదు. తిరిగుంటే బాగుండేది, నాలుగు అంటించేదాన్ని.

"చెప్పండి" అన్నాడు. "చెప్పాక ఎక్కడికి తీసుకెళ్ళను? గది ఖాళీ చేయించాలి. నడవలేదు, కుట్టలేదు. మా ఇల్లు తప్ప అక్కకి దిక్కులేదు. ఇంకెన్నేళ్ళు బతికినా మా ఆవిడే అన్నం కలిపి నోట్లో పెట్టాలి. నవ్విన సంగతి తెలిస్తే ఆ చేతిముద్ద ఎలా మింగుతుందండీ?"

నేను వాడి చొక్కా వదిలేశాను. వాడంటే జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. మా ఇంటికి తీసుకెళ్తానని అనొచ్చు. రెండు గదుల్లో ఆరుగురం పడుకునే మా ఇంట్లో ఆమె మంచం ఎక్కడ పడుతుంది? ఆ మాట నోటిదాకా కూడా రాలేదు.

మొహం కడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళాను. సూదక్క నాకోసమే చూస్తోంది. దగ్గరికి రమ్మని ఎడమచేత్తో సైగ చేసింది. చెవి ఆమె నోటికి ఆనించాను. మందుల వాసన, తడారిన పెదాలు.

"నీ ఫోన్ కూడా... పాతదే కదే?"

అవునన్నాను.

"మార్చెయ్. నేనేదో వాగేదాన్ని... నా మాట పట్టుకోకు. అవసరానికి... పలకవవి. పిల్లలున్నదానివి. మార్చెయ్యమ్మా."

నా వెనక, గది గుమ్మంలో తమ్ముడు వచ్చి నిలబడ్డ సంగతి అడుగుల చప్పుడుని బట్టి తెలిసింది. నేను వెనక్కి తిరగలేదు. సూదక్క నా మొహంలోకే చూస్తోంది, నేను ఒప్పుకునేదాకా చూసేలా ఉంది.

"అలాగే అక్కా" అన్నాను. "జీతం రాగానే మార్చేస్తాను."